లింకు తెగనివ్వని విక్రమ్ సారాభాయ్

మీ ఊళ్లో బ్యాంకు మేడ మీదో, ఏటీఎం గది మీదో ఆకాశం వైపు తిరిగి ఉన్న చిన్న డిష్ చూసే ఉంటారు. టీవీది అనుకుని వదిలేస్తాం. చాలా చోట్ల అది వీశాట్. కింద కేబుల్ తెగినా, పక్కనున్న సెల్ టవర్ ఆగిపోయినా ఉపగ్రహం మీదుగా డేటా పంపే ఏర్పాటు అది. దాని విలువ ఉత్తరాంధ్ర వాళ్లకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చినప్పుడు కరెంటు స్తంభాలతో పాటు ఫోన్లు కూడా పోయాయి. ఊళ్లో ఉన్న అమ్మానాన్నలు ఎలా ఉన్నారో తెలియక బయట చదువుకుంటున్న పిల్లలు ఎంత అల్లాడిపోయారో మనకి తెలుసు.

కమ్యూనికేషన్ రంగంలో ఉద్యోగానికి వెళ్తే ఇంటర్వ్యూలో ఏదో ఒక రూపంలో ఎదురయ్యే ప్రశ్న ఇది: ఈ వ్యవస్థలో ఏ ఒక్కటి పాడైతే మొత్తం ఆగిపోతుంది? దీన్నే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. దాన్ని గుర్తుపట్టి, పక్కన ఇంకోటి సిద్ధంగా పెట్టి, అవసరమైన క్షణంలో మార్చడం ఇంజినీరు పని. ఈ పాఠం పుస్తకంలో పొడిగా ఉంటుంది. మన దేశంలో ఉపగ్రహ కమ్యూనికేషన్‌కి పునాది వేసిన విక్రమ్ సారాభాయ్ జీవితంతో కలిపి చదివితే బాగా ఎక్కుతుంది. ఆయన పోయి 50 ఏళ్లు దాటింది. ఆయన మొదలుపెట్టిన పనులు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఎలా నడుస్తున్నాయన్నదే ఇక్కడ మనకి కావాల్సింది.

ముందు మోడెం సంగతి

భూకేంద్రంలో మోడెం చేసే పని రెండు ముక్కల్లో చెప్పొచ్చు. మన డేటాని ఉపగ్రహానికి వెళ్లే తరంగం మీద ఎక్కిస్తుంది, ఉపగ్రహం నుంచి వచ్చిన తరంగంలోంచి డేటాని దించుతుంది. 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉపగ్రహం నిక్షేపంగా పనిచేస్తున్నా, కింద మోడెంలో పవర్ సప్లై కాలిపోతే లింకు పోయినట్టే.

అందుకే ముఖ్యమైన చోట్ల రెండు మోడెంలు పెడతారు. ఒకటి పనిచేస్తుంది, రెండోది స్టాండ్‌బై. రెండిటి మధ్యలో ఒక స్విచ్. అది పనిచేసే మోడెం ఆరోగ్యాన్ని ఎప్పుడూ గమనిస్తుంటుంది. లోపం కనిపించగానే యాంటెన్నా వైపు కేబుల్‌ని, నెట్‌వర్క్ వైపు కేబుల్‌ని రెండిటినీ స్టాండ్‌బైకి మారుస్తుంది. పాడైన మోడెం ప్రసారాన్ని ఆపేస్తుంది కూడా. అలా ఆపకపోతే ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు సిగ్నళ్లు ఒకదాన్నొకటి చెడగొట్టుకుంటాయి.

ఒకదానికి ఒకటి తోడు పెడితే వన్ ప్లస్ వన్. ఖర్చు తగ్గించడానికి చాలా మోడెంలకి కలిపి ఒకే స్టాండ్‌బై పెట్టడమూ ఉంది. అప్పుడు ఏది పాడైతే దాని ఫ్రీక్వెన్సీ, డేటా వేగం, పవర్ లెవెల్ అన్నీ స్టాండ్‌బై అప్పటికప్పుడు తీసుకోవాలి. కాబట్టి ప్రతి మోడెం సెట్టింగుల కాపీ ముందే ఎక్కడో ఒక చోట ఉండాలి. పాత సెట్టింగులతో ఉన్న స్టాండ్‌బై దీపాలు వెలుగుతూ కనిపిస్తుంది, పని మాత్రం చేయదు.

ఇందులో మూడు చిక్కులున్నాయి, గుర్తుపెట్టుకోండి. ఒకటి, స్టాండ్‌బై ఎప్పుడో చచ్చిపోయి ఉండొచ్చు, ఎవరూ చూసి ఉండకపోవచ్చు. అందుకే దాన్ని కూడా తరచూ పరీక్షించాలి. రెండు, సిగ్నల్ రాకపోతే ప్రతిసారీ తప్పు మోడెంది కాదు. కుండపోత వాన పడినా, గాలికి డిష్ కదిలినా సిగ్నల్ పోతుంది. అప్పుడు స్టాండ్‌బైకి మార్చినా లాభం లేదు, అదీ అదే వానలో ఉంది. మంచి స్విచ్ కాసేపు ఆగి, లోపం ఎక్కడిదో చూసి కదులుతుంది. మూడు, ఆ స్విచ్చే పాడైతే? అందుకే స్విచ్‌కి కరెంటు పోయినా పనిచేస్తున్న మోడెం దారి తెగిపోకుండా ఉండేలా రిలేలు పెడతారు.

ఈ మూడూ మనసులో పెట్టుకుని సారాభాయ్ కథలోకి రండి.

యుద్ధం మార్చిన దారి

విక్రమ్ 1919 ఆగస్టు 12న అహ్మదాబాద్‌లో పుట్టారు. తండ్రి అంబాలాల్ పెద్ద మిల్లు యజమాని. తల్లి సరళాదేవి పిల్లల కోసం ఇంట్లోనే బడి నడిపారు. గుజరాత్ కాలేజీలో చదివి విక్రమ్ కేంబ్రిడ్జి వెళ్లారు, 1940లో అక్కడ డిగ్రీ పూర్తిచేశారు. తర్వాత అక్కడే పరిశోధన చేయాలన్నది ఆలోచన. రెండో ప్రపంచ యుద్ధం దాన్ని చెడగొట్టింది. ఇంటికి తిరిగి రావాల్సి వచ్చింది.

డబ్బుకి లోటు లేని ఇల్లు. యుద్ధం అయ్యేదాకా మిల్లు లెక్కలు చూసుకుంటూ కూర్చున్నా అడిగేవాళ్లు లేరు. ఆయన బెంగళూరు వెళ్లి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో సి.వి.రామన్ దగ్గర కాస్మిక్ కిరణాల మీద పని మొదలుపెట్టారు. అదే సంస్థలో, యుద్ధం వల్లే ఇంగ్లండ్ తిరిగి వెళ్లలేకపోయిన హోమీ భాభా కూడా ఉన్నారు. ఈ పరిచయం తర్వాత దేశానికి ఎంత అక్కరకొచ్చిందో ముందు ముందు చూస్తారు. 1942లో నర్తకి మృణాళినితో పెళ్లయింది. యుద్ధం ముగిశాక 1945లో మళ్లీ కేంబ్రిడ్జి వెళ్లి, ఉష్ణమండలంలో కాస్మిక్ కిరణాల మీద చేసిన పనితో 1947లో పీహెచ్‌డీ తీసుకున్నారు.

గమనించారా? బెంగళూరులో చేసిన పని ఖాళీ పూరించడానికి చేసింది కాదు. అదే ఆయన పీహెచ్‌డీకి పునాది అయింది. స్టాండ్‌బై దారి కూడా అసలు దారి వెళ్లే చోటికే వెళ్లాలి. లేకపోతే అది వేరే ప్రయాణం అయిపోతుంది.

కుర్చీ అప్పగించడం తెలిసినవాడు

స్వాతంత్ర్యం వచ్చిన మూడు నెలలకే, 1947 నవంబరులో, 28 ఏళ్ల వయసులో అహ్మదాబాద్‌లో ఫిజికల్ రీసెర్చ్ ల్యాబొరేటరీ మొదలుపెట్టారు. ఆలోచన ఆయనది, డబ్బు కూడగట్టింది ఆయనే. మొదటి డైరెక్టర్‌గా మాత్రం తనకంటే పెద్దవారు, వాతావరణ శాస్త్రవేత్త కె.ఆర్.రామనాథన్‌ని తెచ్చి కూర్చోబెట్టారు. అదే ఏడాది వస్త్ర పరిశ్రమ కోసం అటీరా అనే పరిశోధన సంస్థకీ ప్రాణం పోశారు. 1961లో అహ్మదాబాద్ ఐఐఎం వచ్చింది. మొదట్లో గౌరవ డైరెక్టర్‌గా తానే చూసుకున్నారు. 1965లో పూర్తికాలం డైరెక్టర్‌గా రవి మథాయ్ వచ్చారు, సారాభాయ్ పక్కకి తప్పుకున్నారు.

తాను కట్టినదాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చి, తాను లేకుండా అది నడుస్తుందో లేదో చూడటం అందరికీ చేతనైన పని కాదు. స్టాండ్‌బైని పరీక్షించడం అంటే ఇదే. మెయిన్ బాగా ఉన్న రోజునే కాసేపు ఆపి, రెండోది బరువు మోస్తుందో లేదో చూడాలి.

తుంబాలో కండబలమే బ్యాకప్

1962లో అణుశక్తి శాఖ కింద అంతరిక్ష పరిశోధనకి ఒక జాతీయ కమిటీ వేశారు. ఇన్‌కోస్పార్ అని దాని పేరు. అణుశక్తి శాఖకి పెద్ద భాభా, కమిటీకి అధ్యక్షుడు సారాభాయ్. భూ అయస్కాంత మధ్యరేఖకి దగ్గరగా ఉందని కేరళలో తుంబా అనే జాలరి పల్లెని ఎంచుకున్నారు. ఊళ్లో చర్చి భవనమే మొదటి ఆఫీసు, మొదటి వర్క్‌షాప్. రాకెట్ భాగాలు సైకిల్ మీద తీసుకెళ్తున్న ఆ ఫొటో మీరు చూసే ఉంటారు.

1963 నవంబరు 21న మొదటి రాకెట్ ఎగిరింది. నైకీ అపాచీ, అమెరికాది. ఆ రోజు రాకెట్‌ని లాంచర్ మీదకి ఎత్తుతుంటే క్రేన్ హైడ్రాలిక్స్‌లో లీకు వచ్చింది. ఇంకో క్రేన్ లేదు. అక్కడున్న ఇంజినీర్లు, పనివాళ్లు చేతులతో దాన్ని సరైన చోటికి చేర్చారు. ప్రయోగం ఆగలేదు. ఆ బృందంలో అబ్దుల్ కలాం ఉన్నారు.

ఇది వినడానికి బాగుంటుంది. ఇంజినీరుగా చూస్తే మాత్రం ఇది వ్యవస్థ కాదు, అదృష్టం. సారాభాయ్‌కి ఆ తేడా తెలుసు. తర్వాతి ఏళ్లలో ఆయన దృష్టంతా మనుషుల్ని తయారుచేయడం మీదే పెట్టారు. కుర్రవాళ్లని ఎంచుకుని వాళ్ల వయసుకి మించిన బాధ్యత ఇచ్చారు. ఉపగ్రహ వాహకం ఎస్‌ఎల్‌వీ ఆలోచన వచ్చినప్పుడు దాని నాలుగు దశల డిజైన్‌ని గోవారికర్, కురుప్, ముత్తునాయగం, కలాం అనే నలుగురికి పంచారు. ఒక్కరి తలలోనే మొత్తం రాకెట్ ఉండే పరిస్థితి రానివ్వలేదు.

భాభా ఖాళీలోకి

1966 జనవరి 24న ఎయిర్ ఇండియా విమానం ఆల్ప్స్ పర్వతాల్లో మాంట్ బ్లాంక్‌ని ఢీకొంది. అందులో హోమీ భాభా ఉన్నారు. దేశ అణు కార్యక్రమం మొత్తం ఆయన చుట్టూనే తిరిగేది. ఒక్క క్షణంలో మెయిన్ పోయింది.

ఆ బరువు సారాభాయ్ మీద పడింది. ఆ ఏడాది మే నెలలో అణుశక్తి సంఘం అధ్యక్షుడయ్యారు. మధ్యలో దాదాపు నాలుగు నెలల ఖాళీ. భాభా బతికున్నప్పుడే అంతరిక్ష పని సారాభాయ్ చేతిలో వేరుగా నడుస్తుండటం వల్ల అది కుదుపు లేకుండా సాగింది. అణుశక్తి వైపు మాత్రం ఆయన కొత్తగా నేర్చుకోవాల్సి వచ్చింది.

ఇక్కడే ఇంకో సంగతి జరిగింది. అంతరిక్షం ఆయనే, అణుశక్తి ఆయనే, అహ్మదాబాద్ ల్యాబ్ ఆయనే. వీటికి తోడు కుటుంబ వ్యాపారాలు. ఎక్కడికక్కడ స్టాండ్‌బైలు పెట్టుకుంటూ వచ్చిన మనిషి, తెలియకుండానే తనే సింగిల్ పాయింట్ అయిపోయారు.

అహ్మదాబాద్, హైదరాబాద్, శ్రీహరికోట

ఆ ఐదేళ్లలో జరిగిన పని చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 1967లో అహ్మదాబాద్‌లో 14 మీటర్ల యాంటెన్నాతో ప్రయోగాత్మక ఉపగ్రహ భూకేంద్రం మొదలైంది. మన ఇంజినీర్లు ఉపగ్రహ కమ్యూనికేషన్‌ని చేత్తో నేర్చుకున్న చోటు అది. అప్పటికి మనకంటూ ఒక్క ఉపగ్రహమూ లేదు.

అదే ఏడాది ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. దాన్ని నిలబెట్టింది మన తెలుగువాడు అయ్యగారి సాంబశివరావు. భీమవరం దగ్గర మోగల్లులో పుట్టి, బెనారస్‌లో, స్టాన్‌ఫర్డ్‌లో చదివి, భాభా దగ్గర ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని పెంచిన మనిషి. హైదరాబాద్‌లో కోచింగ్ కోసం వెళ్లినప్పుడు ఏఎస్ రావు నగర్ బస్సు ఎక్కి ఉంటారు, ఆ పేరు ఆయనదే.

తూర్పు తీరంలో రాకెట్ కేంద్రం కోసం వెతికి 1969లో శ్రీహరికోటని ఎంచుకున్నారు. పులికాట్ సరస్సుకీ బంగాళాఖాతానికీ మధ్య దీవి. ఎదురుగా సముద్రమే కాబట్టి రాకెట్ విఫలమైనా జనం మీద పడదు. తూర్పుకి ఎగిరితే భూమి తిరిగే వేగం కూడా కలిసొస్తుంది. అదే ఏడాది ఆగస్టు 15న ఇస్రో ఏర్పడింది. సెప్టెంబరులో నాసాతో ఒప్పందం కుదిరింది: అమెరికా ఉపగ్రహాన్ని ఒక ఏడాది వాడుకుని మన పల్లెలకి నేరుగా టీవీ పాఠాలు పంపడం. దాని పేరు సైట్.

సైట్ 1975 ఆగస్టు 1న మొదలైంది. 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 పల్లెలు. అందులో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ప్రసార భాషల్లో తెలుగు ఒకటి. పల్లెల్లో పెట్టిన టీవీ సెట్లు ఈసీఐఎల్ చేసినవి. వాటికి పెట్టిన 10 అడుగుల డిష్‌లని కోళ్ల గూళ్లకి వాడే వైరు మెష్‌తో చేశారు. అహ్మదాబాద్ ఒక్కటే ఆధారం కాకుండా ఢిల్లీలోని రెండో భూకేంద్రం నుంచి కూడా ఉపగ్రహానికి కార్యక్రమాలు పంపే వీలు పెట్టారు. కరెంటు లేని కొన్ని పల్లెల్లో సెట్లు బ్యాటరీ మీద నడిచాయి. ఎక్కడ తెగుతుందో ముందే ఊహించి, అక్కడ ఇంకో దారి వేశారన్నమాట. ఆకాశంలో మాత్రం రెండోది లేదు. అరువు తెచ్చిన ఉపగ్రహం, ఏడాది కాగానే వెనక్కి వెళ్లిపోయింది.

ఇదంతా చూడటానికి సారాభాయ్ లేరు.

1971 డిసెంబరు 30

తుంబా పనుల మీద కేరళ వచ్చిన ఆయన, ఆ రాత్రి కోవళంలో పడుకుని మళ్లీ లేవలేదు. 52 ఏళ్లు. శ్రీహరికోట నుంచి మొదటి చిన్న రాకెట్ ఎగిరి మూడు నెలలు కూడా కాలేదు. భాభా పోయిన ఆరేళ్ల లోపే మళ్లీ అదే దెబ్బ.

ఈసారి ఏం జరిగిందో జాగ్రత్తగా చూడండి. 1972 జనవరిలో ఎం.జి.కె.మీనన్ ఇస్రో బాధ్యత తాత్కాలికంగా తీసుకున్నారు. ఆ పదవికి అనుకున్న సతీశ్ ధావన్ అప్పుడు అమెరికాలో, క్యాల్‌టెక్‌లో ఉన్నారు. ఆయన వచ్చేదాకా మీనన్ బండి ఆగకుండా చూసుకున్నారు. సెప్టెంబరులో ధావన్‌కి అప్పగించారు. అణుశక్తి వైపు హోమీ సేఠ్నా వచ్చారు. 1972 జూన్‌లో అంతరిక్ష శాఖ, అంతరిక్ష సంఘం వేరుగా ఏర్పడ్డాయి. ఒక్క మనిషి మోసిన బరువుని ఇద్దరికి, రెండు శాఖలకి పంచారు. తర్వాత ఎవరు పోయినా రెండు పనులూ ఒకేసారి ఆగే ప్రమాదం తప్పింది.

కింద పనిచేసేవాళ్లు మారలేదు. తుంబాలో కలాం, గోవారికర్, ఉపగ్రహాల వైపు యు.ఆర్.రావు, అహ్మదాబాద్‌లో టీవీ ప్రయోగం మీద పనిచేస్తున్నవాళ్లు, అందరూ అప్పటికే పని మధ్యలో ఉన్నారు. ఎవరికీ కొత్తగా సెట్టింగులు చెప్పాల్సిన అవసరం రాలేదు. 1975లో ఆర్యభట్ట ఎగిరింది. 1980లో ఎస్‌ఎల్‌వీ శ్రీహరికోట నుంచి రోహిణిని కక్ష్యలో పెట్టింది.

ఆకాశంలో రెండోది ఉండాలన్న పాఠం కూడా అక్కరకొచ్చింది. 1982 ఏప్రిల్‌లో పంపిన ఇన్‌శాట్-1ఏ ఐదు నెలలకే చేతికి దక్కకుండా పోయింది. దానికి జతగా ముందే అనుకున్న ఇన్‌శాట్-1బి 1983 ఆగస్టులో వెళ్లి, టీవీ, టెలిఫోన్, వాతావరణ సేవల బరువు ఎత్తుకుంది.

సారాభాయ్ తన ఆరోగ్యాన్ని మాత్రం ఈ లెక్కలో వేసుకోలేదు. అన్ని పదవులు, అన్ని ప్రయాణాలు ఒక్క శరీరం మీద వేసుకున్నారు. ఆయన కట్టిన సంస్థలకి స్టాండ్‌బై దొరికింది. మృణాళినికీ పిల్లలు కార్తికేయ, మల్లికలకీ దొరకలేదు. గొప్పవాళ్ల కథలు రాసేటప్పుడు ఈ ముక్క వదిలేస్తుంటాం. మీరు వదలొద్దు.

ఇందులో మీ వాటా

ఇంటర్వ్యూలో బ్యాకప్ గురించి అడిగితే రెండు పెడతాం సార్ అని ఆపేయకండి. లోపాన్ని ఎవరు గుర్తిస్తారు, ఎంతసేపట్లో మారుతుంది, స్టాండ్‌బైలో సెట్టింగులు తాజాగా ఉన్నాయా, స్విచ్ పాడైతే ఏమవుతుంది అనే నాలుగు ముక్కలు చెప్పండి. మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టునే తీసుకుని దానిలో సింగిల్ పాయింట్ ఎక్కడుందో మీరే చూపించండి. ఇస్రో, ఈసీఐఎల్ లాంటి చోట్లే కాదు, రైల్వే సిగ్నలింగ్‌కీ, విద్యుత్ గ్రిడ్‌కీ, డేటా సెంటర్‌కీ ఇదే ఆలోచన కావాలి. ఇస్రోలో డిప్లొమా, ఐటీఐ వాళ్లకీ పోస్టులుంటాయి, నోటిఫికేషన్లు చూస్తూ ఉండండి.

ఇక మీ సొంత లింకు. విశాఖలో పొద్దున్నే పరీక్ష ఉంటే ఆమదాలవలస పిల్లలు శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో ముందు రోజు రాత్రి బండే ఎక్కేస్తారు. ఆ బండి తప్పితే శ్రీకాకుళం వెళ్లి బస్సు పట్టుకోవచ్చని ఇంట్లో ముందే అనుకుని ఉంటారు. ఒక్క పరీక్షకి ఇంత ముందుచూపు ఉన్న మనం, మొత్తం కెరీర్‌ని మాత్రం ఒకే నోటిఫికేషన్ మీద వేలాడదీస్తాం.

గేట్‌కి చదువుతున్నారా? పక్కన ఇంకో దారి ఉంచుకోండి. అది మీ చదువుకి దగ్గరది అయితే మంచిది, సారాభాయ్‌కి బెంగళూరు ఉపయోగపడినట్టు మీ రెండు దారులూ ఒకదానికొకటి ఉపయోగపడతాయి. నెలకోసారి ఆ రెండో దారిలో ఒక మాక్ టెస్ట్ రాయండి, స్టాండ్‌బై బతికుందో లేదో తెలుస్తుంది. రెజ్యూమె, సర్టిఫికెట్లు తాజాగా పెట్టుకోండి, అవే మీ సెట్టింగులు.

ఒక్క ఫలితం పోయిందని వెంటనే దారి మార్చేయకండి. పోయింది మోడెమా, పడింది వానా అని ముందు చూడండి. ఆ ఏడు పోస్టులే తక్కువగా ఉన్నాయా, పేపరే కష్టమా, నిజంగా మీ తయారీలోనే లోటుందా? వాన అయితే ఆగండి, వెలుస్తుంది. లోపం మోడెంలో ఉంటే ఆలస్యం చేయకుండా మారండి. తేడా తెలియకపోతే సీనియర్‌నో, లెక్చరర్‌నో అడగండి. మీ మార్కుల షీటు పట్టుకుని ఈ వారమే వెళ్లి కూర్చోండి.